చెత్త, ఎండుటాకులు బయట తగలబెట్టడం మీద విశాఖలో రూల్ ఉందా లేదా?

ఉషోదయ_రవి
ఎంవీపీలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్ పక్కన ఒక ఖాళీ సైటు ఉంది, ఓనరు ఊళ్లో ఉండడు. ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలయ్యాక రోజూ పొద్దుగూకే వేళకి అక్కడ ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తున్నారు. ఒకరోజు పక్క బిల్డింగ్ వాచ్‌మన్, ఇంకోరోజు ఎదురింట్లో పనిచేసే ఆవిడ. కొన్నిసార్లు వెళ్లి చూసేసరికి మంట ఉంటుంది, మనిషి ఉండడు. ఒట్టి ఆకులైతే కొంత నయం. పాల ప్యాకెట్లు, డైపర్లు, థర్మాకోల్, తాగిపడేసిన బోండాలు అన్నీ అందులోనే. అమ్మకి ఆయాసం. తలుపులు మూస్తే ఉక్క, తీస్తే పొగ. నిన్న గట్టిగా అడిగితే "ఇదేమైనా ఢిల్లీయా సార్, ఇక్కడ అలాంటి రూలేం లేదు" అన్నాడొకాయన. నిజంగానే లేదా? ఉంటే ఏది, ఎవరికి చెప్పాలి? సొంత పెరట్లో కాల్చుకుంటే అది వేరా?

గాజువాక_కుర్రాడు
మీకు ఒక్క చెత్త పొగే. మా వైపు రండి, ఏ పొగ ఎక్కడ్నుంచి వస్తోందో కనిపెట్టినవాళ్లకి సన్మానం చేస్తాం.

మధురవాడ_లక్ష్మి
మా దగ్గర తెల్లవారుజామున. ఐదున్నరకి వాకింగ్‌కి వెళ్తే రోడ్డుకి రెండు వైపులా చిన్న చిన్న కుప్పలు పొగలు కక్కుతూ ఉంటాయి. మంట కూడా ఉండదు, రాజుకుంటూ ఉంటాయంతే. ఆ పొగ నేలబారుగా పాకుతుంది, పైకి లేవదు. మా బాబు స్కూల్ బస్సు ఎక్కేలోపే దగ్గు మొదలు.

నల్లకోటు_వాల్తేరు
రూలు లేదన్న ఆయనకి చెప్పండి, ఒకటి కాదు, చాలానే ఉన్నాయి.

మొదటిది 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2026 ఏప్రిల్ 1 నుంచి వాటి చోట 2026 నిబంధనలు. 2016 వాటిలో నాలుగో నిబంధన ప్రకారం చెత్త పుట్టించేవాళ్లు ఎవరైనా, ఇల్లు కానీ హోటల్ కానీ, దాన్ని వీధిలో, తమ ఆవరణ బయటి ఖాళీ స్థలంలో, కాలువలో పడేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. తోట చెత్త విడిగా తమ ఆవరణలోనే ఉంచి, కార్పొరేషన్ చెప్పిన పద్ధతిలో ఇవ్వాలి.

రెండోది, అసలు పదునున్నది, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబర్ 22న ఇచ్చిన ఉత్తర్వు. బహిరంగంగా చెత్త కాల్చడం దేశమంతా పూర్తిగా నిషేధం. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000, అదీ ప్రతిసారీ. ఢిల్లీకి పరిమితం అన్నమాట అందులో ఎక్కడా లేదు. కట్టాల్సినవాళ్లలో స్థానిక సంస్థ కూడా ఉంది. అంటే కాల్చింది మున్సిపల్ మనిషైనా సరే బాధ్యత తప్పదు.

మూడోది క్రిమినల్ చట్టం. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. అందులో 280 సెక్షన్, గాలిని ఆరోగ్యానికి హాని అయ్యేలా పాడుచేస్తే వెయ్యి దాకా జరిమానా. 287 సెక్షన్, నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణం మీదికి తెస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఖాళీ సైటులో మంటపెట్టి వదిలేసి పోవడం ఈ 287కి అచ్చంగా సరిపోతుంది.

పాతపోస్టాఫీసు
ఇన్ని సెక్షన్లా, ఆకులు కాల్చినందుకు? మా నాయనమ్మ రోజూ వాకిలి ఊడ్చి మూలన మంటపెట్టేది. దోమలు పోయేవి. తొంభై ఏళ్లు బతికింది. ఇప్పుడు ప్రతిదానికీ కేసులంటే ఎలా? పేదోళ్లే దొరుకుతారు ఈ ఫైన్లకి.

మధురవాడ_లక్ష్మి
@పాతపోస్టాఫీసు మీ నాయనమ్మ గారి వాకిట్లో డైపర్లు, షాంపూ సాచెట్లు ఉండేవా? అప్పటి మంటలో వేపాకు, గడ్డీ గాదం. ఇప్పటి కుప్పలో సగం ప్లాస్టిక్. దోమలంటారా, పొగకి పక్కింటికి పోతాయి, పొగ తగ్గాక తిరిగొస్తాయి. అవి గుడ్లు పెట్టేది నిలవనీళ్లలో. ఆ ఖాళీ సైటులో బోండాల డిప్పల్లో నీళ్లు తీయకుండా పొగబెట్టి లాభమేంటి?

పాతపోస్టాఫీసు
డిప్పల సంగతి ఒప్పుకుంటాను. పేదోళ్ల మీద పడతారన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఉషోదయ_రవి
@నల్లకోటు గారు చాలా థాంక్స్. కానీ "తమ ఆవరణ బయట" అని ఉందంటున్నారు. అంటే లోపల కాల్చుకోవచ్చనా? మా పక్క బిల్డింగ్ వాళ్లు రేపట్నుంచి సెల్లార్ వెనక కాలుస్తారు, పొగ మాకే వస్తుంది.

నల్లకోటు_వాల్తేరు
సందు ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకే ట్రైబ్యునల్ ఉత్తర్వు ముఖ్యం. అక్కడ ఆవరణ లోపలా బయటా అన్న తేడా లేదు, బహిరంగంగా నేలమీద చెత్త కాల్చడమే నిషేధం, డంపింగ్ యార్డులతో సహా. పొగ గోడ దాటి మీ ఇంట్లోకి వస్తే 280 ఎలాగూ ఉంది. ఇంకోదారి బీఎన్ఎస్ఎస్, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 133. జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డర్ వేయొచ్చు. రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీదే, డబ్బుల్లేవని చెప్పి మున్సిపాలిటీ పారిశుద్ధ్యం బాధ్యత తప్పించుకోలేదని తేల్చింది.

టిఫిన్‌బండి_శీను
లాయర్ గారూ నాదొక డౌటు. నేను కట్టెలపొయ్యి మీద ఇడ్లీలు వేస్తాను. రేపు నా మీద కూడా పడతారా?

నల్లకోటు_వాల్తేరు
@శీను పొయ్యిలో కట్టె వంటచెరకు, చెత్త కాదు. 1981 వాయు కాలుష్య చట్టం 19వ సెక్షన్లో కూడా "ఇంధనం కాని వస్తువు" కాల్చడాన్ని ప్రభుత్వం నిషేధించొచ్చనే ఉంది. ఇంధనాల మీద ఆంక్షలు పెట్టే అధికారం వేరేగా ఉంది, అది వేరే కథ. మీరు పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు వేసి రాజెయ్యనంతవరకు ఈ చర్చలో మీకు భయం లేదు.

టిఫిన్‌బండి_శీను
కవర్లు వెయ్యను సార్. ఇడ్లీకి వాసన పట్టేస్తుంది.

పెందుర్తి_ప్రసాద్
కాపులుప్పాడలో చెత్త కాల్చే కదా కరెంటు తీస్తున్నారు. వాళ్లు టన్నులకొద్దీ కాలిస్తే అభివృద్ధి, మేం బకెట్టెడు కాలిస్తే నేరమా?

రసాయనం_మాస్టారు
@పెందుర్తి_ప్రసాద్ రెండూ ఒకటి కావు. ఆ 15 మెగావాట్ల ప్లాంటులో చెత్త మూసిన కొలిమిలో కాలుతుంది. అలాంటి కొలిమిలో వాయువులు రెండో గదిలో 950 డిగ్రీలకి తగ్గకుండా కాలాలని, పొగని శుద్ధిచేశాకే చిమ్నీలోకి వదలాలని పైన చెప్పిన 2016 నిబంధనల్లోనే ఉండేది. అలా జరుగుతోందా లేదా అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా. మన వీధి చివర కుప్పలో మాత్రం అంత వేడి ఎప్పటికీ పుట్టదు. తడి ఆకు, కింద ప్లాస్టిక్, గాలి సరిగ్గా అందదు. సగం కాలి సగం కాలక కార్బన్ మోనాక్సైడ్, సన్నటి మసి రేణువులు వస్తాయి. పీవీసీ ప్లాస్టిక్ ఏదైనా ఉంటే డయాక్సిన్లనే విషాలు. చిమ్నీ ఉండదు, పొగ మన ముక్కెత్తులోనే తిరుగుతుంది.

విశాఖ సంగతి ఇంకా ప్రత్యేకం. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో మనం ఒక గిన్నెలో ఉన్నట్టు ఉంటాం. కాలుష్యం మీద పనిచేసేవాళ్లు దీన్ని బౌల్ ఏరియా అనే అంటారు. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. లక్ష్మి గారు చెప్పిన నేలబారు పొగ అదే. పైకి పోవడానికి దారుండదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఊరికే చేరలేదు.

గాజువాక_కుర్రాడు
మాస్టారూ, మరి ఫ్యాక్టరీలని వదిలేసి ఆకుల మీద పడటం న్యాయమా? ఊరంతా నల్లదుమ్ము. పొద్దున్న బాల్కనీలో చెయ్యి రాస్తే అరచెయ్యి నల్లగా వస్తుంది.

రసాయనం_మాస్టారు
వదలమని ఎవరన్నారు? రెండూ అడుగుదాం. దుమ్ము ఉందని పొగ కూడా పీల్చడం ఎందుకు? పైగా రెండోది మన చేతిలో ఉన్నది.

చీపురుకట్ట_కొడుకు
ఇంతసేపూ చదివాను. నేనూ ఒక మాట చెప్తాను.

మా అమ్మ రోడ్లు ఊడ్చే పనిలో ఉంది, చాలా ఏళ్లుగా. ఏ ఊళ్లో ఏ వార్డు అన్నది వద్దు. ఆకుల మంట ఎందుకు పెడతారో మీలో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆమెకి ఇచ్చిన వీధులు ఎనిమిదిలోపు శుభ్రంగా కనిపించాలి. చెత్తబండి వస్తుంది, ఇళ్ల దగ్గర తడి పొడి తీసుకుంటుంది. ఆకు గోనెలు ఎక్కించనివ్వరు. బరువుండదు, బండి మాత్రం నిండిపోతుంది. సరే పక్కన పెట్టి రేపు చూద్దామంటే సాయంత్రానికి గాలికి మళ్లీ రోడ్డంతా. సూపర్‌వైజర్ ఫొటో తీసి గ్రూపులో పెడతాడు, ఊడ్చలేదని. ఎత్తిపోయడానికి ఇచ్చేది రెండు రేకుముక్కలు, ఒక తోపుడుబండి, దాని చక్రం సగం రోజులు తిరగదు. అప్పుడు ఆమె ఏం చెయ్యాలి?

ఆ పొగ మీకు కిటికీలోంచి వస్తుంది. ఆమె దాని పక్కనే నిలబడి కర్రతో తిరగేస్తుంది, ఆరకుండా. రాత్రి ఆమె దగ్గు నేను వింటాను. కాల్చొద్దనండి, నేనూ అంటాను. ఆకు ఎక్కడ పెట్టాలో చెప్పి అప్పుడనండి. 5,000 ఫైను ఆమె చేతికి ఇస్తే నెల జీతంలో ఎంత పోతుందో లెక్కేసుకోండి.

పాతపోస్టాఫీసు
ఇదే నేను చెప్పాలనుకున్నది. నాకింత బాగా చెప్పడం రాలేదు.

మధురవాడ_లక్ష్మి
తమ్ముడూ, చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. అమ్మగారిని చెస్ట్ ఆసుపత్రిలో ఒకసారి చూపించు. వాయిదా వెయ్యకు.

నల్లకోటు_వాల్తేరు
@చీపురుకట్ట_కొడుకు నువ్వు అడిగింది అక్షరాలా నిబంధనల్లో ఉంది. 2016 నిబంధనల్లో 15వదిగా స్థానిక సంస్థల బాధ్యతల జాబితా ఉండేది. ఊడ్చేవాళ్లు ఆకులు కాల్చకుండా ఆదేశించాలి, ఆ ఆకుల్ని విడిగా నిలవచేయించి సేకరించేవాళ్లకి అప్పగించే ఏర్పాటు చూడాలి. అంటే ఆకుకి చోటు చూపించడం పైవాళ్ల విధి. మీ అమ్మగారి తప్పేం లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు "ఫలానా కార్మికురాలు కాలుస్తోంది" అని రాయకండి ఎవరూ. "మా వీధికి ఆకుల సేకరణ లేదు, ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏర్పాటు చెయ్యండి" అని రాయండి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ఒక కాపీ, సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఒక కాపీ, రసీదు నంబరు తీసుకోండి.

ఉషోదయ_రవి
ఇది నాకు తట్టనే లేదు. నేను కాల్చిన మనిషి ఫొటో తీసి పెడదామనుకుంటున్నాను.

తోటమాలి_సునీత
ఆకుకి చోటు అన్నారు కాబట్టి వస్తున్నా. సీతమ్మధారలో మా కాలనీ పార్కు మూలన మేం చేస్తున్నది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

హార్డ్‌వేర్ షాపులో కోళ్లకి కట్టే ఇనప వల దొరుకుతుంది. నాలుగడుగుల ఎత్తుది తీసుకుని గుండ్రంగా చుట్టి తీగతో బిగించండి, నేలమీద నిలబెట్టండి, అడుగు అక్కర్లేదు. కింద ఎండుపుల్లలు ఒక జానెడు, గాలి ఆడటానికి. ఆపైన ఆకు వేసి లోపలికి దిగి తొక్కాలి. పిల్లలకి చెప్తే ఆ పని ఆదివారం వాళ్లే ఎగబడి చేస్తారు. ప్రతి జానెడు పొరకి రెండు దోసిళ్ల పాతమట్టి, పైన పేడనీళ్లు, లేదంటే పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి చల్లండి. పిండితే చుక్క రాలీరాలనంత తడి ఉండాలి. ఎక్కువైతే వాసన, తక్కువైతే ఆకు అలాగే ఉండిపోతుంది. నాలుగైదు రోజుల తర్వాత చెయ్యి లోపలికి పెడితే వేడి తగులుతుంది, అంటే పని మొదలైందన్నమాట. కుప్ప రోజురోజుకీ కుంగుతుంది, పైన కొత్త ఆకు వేస్తూనే ఉండొచ్చు. నెలకోసారి తిరగెయ్యాలి. వర్షాలు పడి ఆగేసరికి అడుగున నల్లటి పొడి ఎరువు.

వేప, కానుగ, తురాయి త్వరగా అయిపోతాయి. బాదం ఆకు తోలులా ఉంటుంది, దాన్ని బాగా ఎండబెట్టి నలిపితేనే. సరుగుడు ఆకు చాలా ఆలస్యం, దాన్ని మొక్కల మొదట్లో పరిచేయండి, నేల తడి ఆరదు. కొబ్బరిమట్టలు వెయ్యొద్దు. ఈనెలు తీస్తే చీపుర్లు, మట్ట ముక్కలుకొట్టి చెట్ల చుట్టూ పేర్చుకోవచ్చు.

ఒకటే షరతు. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా పడకూడదు. మేం వలకి బోర్డు కట్టాం, అయినా పడుతుంది, ఎవరో ఒకరం ఏరుతూనే ఉంటాం.

పెందుర్తి_ప్రసాద్
పార్కు ఉన్నవాళ్లకి బాగానే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్లో ఎనభై గజాలు ఖాళీ ఉంటే అందులో బైకులు పెడతాం. ఎక్కడ పెట్టను వల?

తోటమాలి_సునీత
మీ ఒక్క బిల్డింగ్‌కి అయితే అంత ఆకు రాదు, గోనెసంచుల్లో కుక్కి మూతి కట్టి తడి చేసి గోడవారన నిలబెట్టినా కుళ్లుతుంది. వీధికంతటికీ అంటే దగ్గర పార్కు, స్కూలు, గుడి ఏదో ఒకటి అడగాలి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకి, 5,000 చదరపు మీటర్లు దాటినవాటికి, తడిచెత్త వీలైనంతవరకు లోపలే శుద్ధి చేసుకోవాలని 2016 నిబంధనల్లో రూలు ఉండేది. వాళ్లని ముందు అడగండి.

అడవివరం_అప్పారావు
మీకు పొగే కదా బాబూ. మాకు కొండే మండిపోద్ది.

మాది సిమ్మాచెలం కొండ కింద. మాఘమాసం ఎల్లిపోతే సాలు, గెడ్డి ఎండి పెళుసైపోద్ది. ఎవులో బీడీ పారేస్తాడు. ఎవులో కొత్తగెడ్డి మొలుస్తాదని నిప్పెడతాడు. ఇంకోడు ఇంటెనక సెత్త కాల్చి వొగ్గేసి లోపలికి పోతాడు. సాయంకాలం సంద్రం గాలి లోపలికి కొడతాది కదా, ఆ నిప్పురవ్వ తిన్నగా కొండెక్కేస్తాది. రాత్రి దూరంనుంచి సూస్తే కొండకి ఎర్రటి దండేసినట్టుంటాది, పట్నంవోళ్లు ఫొటోలు తీసుకుంటారు. కాలేది ఏటో తెల్సా? అనాస మొక్కలు, పనస చెట్లు, సంపెంగ చెట్లు. మా నాయిన ఏసిన సంపెంగ ఒకటి అలగే పోయింది.

ఫైరింజను కింద రోడ్డు దాకా వస్తాది. పైకి నీళ్లు ఎక్కవు. పచ్చికొమ్మలు ఇరిసి కొట్టుకుంటా పోవాల, ఫారెస్టోళ్లూ అంతే, మా కుర్రోళ్లూ అంతే. గాలి తిరిగితే ముందు నువ్వే కాల్తావు. సెత్త మంట సిన్నదని అనకండి.

కంబాలకొండ_నడక
అప్పారావు గారు చెప్పింది అరిలోవ వైపు కూడా అంతే. ముడసర్లోవ దాటాక అడవి ఆనుకుని ఇళ్లు పెరిగిపోయాయి, ఇళ్ల వెనక చెత్త, చెత్త వెనక అభయారణ్యం.

ఇక్కడ చట్టం ఇంకా కఠినం. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ వర్తిస్తుంది. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు పెట్టడం, రాజెయ్యడం, ఆర్పకుండా వదిలెయ్యడం మూడూ నేరమే. రిజర్వు ఫారెస్టుల్లో 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఉంది. ట్రెక్కింగ్‌కి వెళ్లి టీ పెట్టుకుంటాం, మ్యాగీ చేసుకుంటాం అనేవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, వేసవిలో అక్కడ పొయ్యి వెలిగించకండి. పరిగెత్తగలిగిన జంతువులు పోతాయి. ఉడుము, తాబేలు, గూట్లో పిల్లలు ఎక్కడికి పోతాయి?

ఇంకో పనికొచ్చే విషయం. భారత అటవీ సర్వే వాళ్ల వన్ అగ్ని పోర్టల్ ఉంది. ఉపగ్రహాలు మంటని పసిగడితే సమాచారం వస్తుంది. మామూలు జనం కూడా పేరు నమోదు చేసుకుంటే ఫోనుకి వస్తుంది. నేను పెట్టుకున్నాను. చిన్న కుప్పలు దానికి కనపడవు, కొండ అంటుకుంటే కనపడుతుంది. అంతవరకు రాకముందే చూసినవాళ్లు 101కి కొట్టండి, లేదా 112.

భీమిలి_బాబ్జీ
బీచ్‌లో క్యాంప్‌ఫైర్ సంగతేంటి? శనివారం రాత్రి మా వైపు ఇసుకలో నాలుగైదు మంటలు ఉంటాయి. ఇసుకే కదా, అంటుకోదు కదా అంటారు.

కంబాలకొండ_నడక
ఇసుక అంటుకోదు, పక్కనున్న సరుగుడు తోట అంటుకుంటుంది. నేలమీద ఎండిన ఆకు పరుపులా ఉంటుంది, ఒక్క రవ్వ చాలు. మంట ఆర్పుతూ ఇసుక కప్పేసి పోతారు, పొద్దున్న చెప్పుల్లేకుండా వచ్చే పిల్లల కాళ్లు కాలేది అందుకే. లోపల నిప్పు అలాగే ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయాలి. సముద్రం పక్కనే ఉందిగా!

భీమిలి_బాబ్జీ
ఈ ఇసుక సంగతి తెలీనివాళ్లు చాలామంది ఉన్నారు. మా కుర్రాళ్ల గ్రూపులో పెడతాను.

జాలరిపేట_నూకరాజు
నిప్పు ఒక్క రవ్వే అన్నమాట మాకు చెప్పక్కర్లేదు. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మొదలైన మంట ఒక పడవతో ఆగలేదు, దాదాపు నలభై పడవలు పోయాయి. డీజిలు, వలలు, తాళ్లు, గ్యాస్ సిలిండర్లు, అన్నీ పక్కపక్కన. ఆ రోజునుంచి మా నాన్న ఒడ్డున ఎవరు చెత్త కాల్చినా లేచి వెళ్లి నీళ్లు పోసి వస్తాడు, గొడవైనా సరే. పాత వలలు కాల్చే అలవాటు మా దగ్గర ఉంది. నైలాన్ వల కాలితే కరిగి చుక్కలు పడతాయి, చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. దాన్ని ఎవరైనా తీసుకునే ఏర్పాటు ఉంటే చెప్పండి.

రసాయనం_మాస్టారు
@నూకరాజు నైలాన్ మళ్లీ కరిగించి వాడుకోగల వస్తువే, పాత ఇనుము కొనేవాళ్లలో కొందరు తీసుకుంటారు. శుభ్రంగా, తాడూ సీసపు గుళ్లూ తీసేసి ఇస్తే ధర వస్తుంది.

సంక్రాంతి_సుబ్బు
అన్నీ బాగున్నాయి. భోగిమంట కూడా ఆపేస్తారా చివరికి? ఇళ్లముందు పిడకలదండలు కూడా నేరమా?

పాతపోస్టాఫీసు
అదే నా భయం కూడా.

మధురవాడ_లక్ష్మి
భోగిమంట వద్దని ఇక్కడ ఎవరూ అనలేదు. కానీ మొన్న జనవరిలో మా వీధిలో వేసింది భోగిమంటేనా? రెండు లారీ టైర్లు, పాత సోఫా, దాంట్లో స్పాంజి. పొద్దున్న తొమ్మిదికి కూడా రోడ్డుమీద ఇనపతీగల చుట్టలు, నల్లటి జిగురు. పిడకలు, ఎండుకట్టె, పాత తాటాకు వేసుకుంటే వేడుక వేడుకలా ఉంటుంది. 2018 భోగి రోజు చెన్నైలో ఆ పొగకి విమానాలు ఆగిపోయాయి, అంతదాకా తెచ్చుకోవాలా?

సంక్రాంతి_సుబ్బు
టైర్లు నేనూ ఒప్పుకోను. మా వీధిలో ఈసారి వీధికంతా కలిపి ఒకటే మంట వేద్దాం అన్నాను, ఎవరింటి ముందు అన్నదగ్గర ఆగింది.

తోటమాలి_సునీత
నాలుగు రోడ్ల కూడలిలో వేస్తే సరి. పైన కరెంటు తీగ, కేబుల్ లేకుండా చూసుకోండి.

చోడవరం_రైతు
ఊరు దాటి వస్తే ఇదే కథ చెరకుతో. మాది ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చెరకు నరికాక ఆకు మోకాలెత్తు పడి ఉంటుంది. తీయించాలంటే కూలి, కార్సికి, అంటే మోళ్ల నుంచి మళ్లీ వచ్చే పంటకి, నీళ్లు కట్టాలంటే అడ్డం, అందుకని ఒక్క పుల్ల గీసేస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ని. పక్క రైతు కార్సి తోట అంటుకుంది ఒకసారి, దాంతో ఊళ్లో పెద్ద తగువు. అనకాపల్లి పరిశోధన కేంద్రంవాళ్లు ఎప్పట్నుంచో చెప్పేది ఆకుని సాళ్ల మధ్యే పరవమని. కలుపు తగ్గుతుంది, ఎండాకాలం తడి రెండు పూటలు ఎక్కువ నిలుస్తుంది. బెల్లం వండే పొయ్యిలో చెరకుపిప్పి తప్ప ఇంకేం వెయ్యం, అది లాయర్ గారు చెప్పిన ఇంధనం లెక్క. ఆకుకి మాత్రం ఆ సాకు లేదు.

పెందుర్తి_ప్రసాద్
సరే, నేను ఒక మెట్టు దిగుతున్నాను. గోనెసంచి పద్ధతి చూస్తాను. కానీ రాగితీగ కోసం కేబుళ్లు కాల్చేవాళ్లని ఎవరు పట్టుకుంటారు? మా వెనక స్క్రాప్ దగ్గర రాత్రి పదకొండు దాటాక ఆ వాసన వస్తే గొంతు మండుతుంది.

రసాయనం_మాస్టారు
అది అన్నిటికంటే చెడ్డది. తీగమీద తొడుగు పీవీసీ. దానికి రాత్రే ఫిర్యాదు చెయ్యాలి, పొద్దున్నకి బూడిద కూడా ఉండదు. 112కి చేసి "కేబుల్ కాలుస్తున్నారు, పొగ ఇళ్లలోకి వస్తోంది" అని చెప్పండి, తర్వాత కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా. ఫొటోలో సమయం పడేలా తియ్యండి. మనుషుల దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు.

ఉషోదయ_రవి
చిన్న అప్‌డేట్. ఖాళీ సైటు ఓనరు నంబరు మా అసోసియేషన్ పెద్దాయన దగ్గర దొరికింది. హైదరాబాద్‌లో ఉంటారట. ఫోన్లో విషయం చెప్తే ఆయనకే తెలీదు, కంచె వేయిస్తానన్నారు. బోండాలు, ప్లాస్టిక్ మేం తీసేసుకుంటే మూలన వల పెట్టుకోడానికి అభ్యంతరం లేదన్నారు. పక్క బిల్డింగ్ వాచ్‌మన్‌తో కూడా కూర్చుని మాట్లాడాను. "ఎక్కడ పొయ్యాలో చెప్పండి సార్, నాకేమైనా సరదానా" అన్నాడు. సచివాలయంలో ఆ నిబంధన రాసిచ్చిన కాగితం ఇచ్చి సంతకం తీసుకున్నాను. ఆవిడ చదివి, ఆకుల బండి గురించి పైకి పంపుతానన్నారు.

@సునీత గారూ, మా దగ్గర ఎక్కువ బాదం. ఎండబెట్టడానికి చోటు లేదు. అలాగే వేస్తే ఏమవుతుంది?

తోటమాలి_సునీత
పొరలుపొరలుగా అట్టలా అతుక్కుంటుంది, నీళ్లు లోపలికి దిగవు. రోడ్డు పక్కన ఒక పూట పరిస్తే చాలు, ఈ ఎండకి కరకరలాడుతుంది. తర్వాత గోనెసంచిలో వేసి కర్రతో బాదండి. ఒక వంతు బాదానికి ఒక వంతు వేపాకు కలపండి. ఆదివారం ఖాళీగా ఉంటే మా పార్కుకి రండి, మాదగ్గర సగం చుట్ట వల మిగిలింది, పట్టుకెళ్దురుగాని.

చీపురుకట్ట_కొడుకు
రవన్నా, మీరు వాచ్‌మన్‌తో కూర్చుని మాట్లాడారు చూడండి, అది బాగుంది. మా వీధిలో కూడా ఒక స్కూలు ఉంది, వెనక చాలా జాగా. హెడ్‌మాస్టర్‌ని ఎవరైనా అడిగితే అమ్మావాళ్లు ఆకు అక్కడే పోస్తారు. నేను అడిగితే వినరేమో, పెద్దవాళ్లెవరైనా నాతో వస్తారా?

పాతపోస్టాఫీసు
నేను వస్తాను. రిటైర్డ్ టీచర్నే. ఎప్పుడు, ఎక్కడికో మెసేజ్ పెట్టు బాబూ.